ముప్పై ఆరు రోజుల కుట్టు

నాకు నోరెక్కువని మా తోడికోడలు అంటుంది. దానిది ఎడమచేతి వాటమని నేనంటాను. ఒకే ఇంటికి కోడళ్ళుగా వచ్చిన దగ్గర్నించీ, ముప్పై ఏళ్ళుగా, ఇద్దరిదీ ఇదే పాట. అన్నదమ్ములిద్దరూ ముందూ వెనకా వెళ్ళిపోయారు. మిగిలింది మేమిద్దరం, ఈ కుట్టుషాపు, దాని మీద రెండు గదులు.

నేను పెద్దకోడల్ని కాబట్టి అది నన్ను అక్కా అంటుంది. నేను దాన్ని చిన్నా అంటాను. మా షాపులో కొత్త బట్టలు కుట్టం, ఉన్నవాటిని సరిచేస్తాం. కోటు చేతులు పొట్టి చేయడం, బిగుతైన ప్యాంటుకు నడుము దగ్గర వదులివ్వడం, లైనింగు మార్చడం, అంచులు మడిచి హెమ్మింగు చేయడం. మిషను పనంతా నాది. చేతిపని ఇద్దరిదీ. నిజం చెప్పొద్దూ, చేతిపనిలో అది నాకంటే ఒక మెట్టు పైనే. ఈ మాట దాని ముందు ఏనాడూ అనలేదు. అన్నానంటే నెత్తినెక్కి కూర్చుంటుంది.

ఈ దేశానికి నేను మా ఆయనతో ఎప్పుడో వచ్చాను, పౌరసత్వం కూడా ఎప్పుడో వచ్చింది. చిన్నది మా మరిది పోయాక వచ్చింది. దానికి ఉన్నది శాశ్వత నివాసం కార్డు. పేరుకే శాశ్వతం. అరువు తెచ్చుకున్న నగలాగా దాన్ని ఒళ్ళు దగ్గర పెట్టుకుని కాపాడుకోవాలి. ఒక్క విడతలో ఆరు నెలలు దాటి దేశం బయట ఉంటే కార్డు పోతుంది. పౌరసత్వం కావాలంటే ఐదేళ్ళలో వెయ్యి రోజులు ఇక్కడ ఉండి తీరాలి.

ఉండక ఎక్కడికి పోతుందిలే అనుకున్నాం. ఆ ఏడే దాని కూతురికి కవలలు పుట్టారు. కూతురుండేది ఇంకో దేశంలో. పిల్లలు ఏడో నెలలోనే పుట్టేశారు. ఒకతె నిక్షేపంగా ఉంది. రెండోదానికి, మేం చిట్టి అంటాం, ఊపిరితిత్తులు గట్టిపడలేదు. నెలలో పది రోజులు ఇల్లు, ఇరవై రోజులు ఆస్పత్రి. అల్లుడు ఉద్యోగానికి, కూతురు ఆస్పత్రికి పోతే ఇంట్లో ఉన్న పిల్లని చూసేదెవరు? చిన్నది పెట్టె సర్దింది. అదిగో, అప్పుడు మొదలైంది ఈ రోజుల లెక్క.

మా షాపు గోడకు పెద్ద క్యాలెండరు ఉంది. చిన్నది వెళ్ళిన రోజు నుంచి వచ్చే రోజు దాకా నేను ఎర్ర పెన్సిలుతో గీతలు కొడుతూ పోయేదాన్ని. నూట యాభై దాటితే నాకు గుండెల్లో దడ. ఫోను చేసి అరిచేదాన్ని.

"ఏమే, నూట అరవై రెండు! వింటున్నావా? టికెట్టు కొన్నావా లేదా?"

"కొంటానులే అక్కా. చిట్టికి మళ్ళీ జ్వరం వచ్చింది."

"జ్వరం నాకూ వస్తుంది నీతో వేగలేక. ముందు టికెట్టు కొను."

అరిచి ఫోను పెట్టేశాక నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఆస్పత్రిలో పసిపిల్ల ముక్కుకి గొట్టాలు పెట్టుకుని పడుకుని ఉంటే, అమ్మమ్మను వచ్చెయ్యమని పీకే నేనెంత రాక్షసినో చూడండి. కానీ ఎవరో ఒకరు రాక్షసి అవ్వాలి కదా! అది మెత్తని మనిషి, తనంతట తాను ఎప్పటికీ బయల్దేరదు.

ఒకసారి నూట డెబ్బై ఎనిమిదో రోజున వచ్చింది. చిట్టి ఆస్పత్రిలో ఉండగానే వచ్చింది. విమానం దొరక్క, పక్క దేశం దాకా ఎగిరి అక్కడి నుంచి బస్సులో సరిహద్దు దాటింది. ముప్పై ఆరు రోజులు ఇక్కడుండి మళ్ళీ వెళ్ళింది. ఆ ముప్పై ఆరు రోజులూ అది సరిగ్గా తిన్నది లేదు, నవ్వింది లేదు. పొద్దున్నే షాపులోకి వచ్చి తన కుర్చీలో కూర్చుంటే మళ్ళీ సాయంత్రమే లేచేది. సూది ఆగేది కాదు. ఫోను మోగితే మాత్రం ఉలిక్కిపడేది.

అలా పడుతూ లేస్తూ ఐదేళ్ళు గడిచాయి. క్యాలెండర్లన్నీ కింద పరిచి, ఇద్దరం మోకాళ్ళ మీద కూర్చుని లెక్క పెట్టాం. ఇక్కడున్న రోజులు వెయ్యిన్నీ పదిహేను. మూడుసార్లు లెక్కపెట్టినా అంతే వచ్చింది. అది నన్ను వాటేసుకుని ఏడ్చింది.

"ఇక నన్నెవరూ లెక్కపెట్టరు కదక్కా! చిట్టికి వచ్చే ఏడు ఆపరేషన్. పౌరసత్వం వచ్చిందంటే ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు దాని పక్కనే ఉండొచ్చు."

"ఉండు, ఎవరొద్దన్నారు?" అన్నాను. నా గొంతు నాకే వేరుగా వినిపించింది. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అంటే ఎన్నాళ్ళని అడగబోయి ఊరుకున్నాను.

దరఖాస్తు వేశాం. మూడు నెలలకు ఇంటర్వ్యూకి పిలిచారు. దానికి ఇక్కడి భాష తడబడుతుందని తోడుగా నన్నూ రానిచ్చారు.

ఆఫీసులో చిన్న గది. బల్ల, కంప్యూటరు, మూడు కుర్చీలు, కిటికీలో నీళ్ళకు మొహం వాచిన ఒక మొక్క. ఆఫీసరమ్మకు నలభై దాటి ఉంటాయి. బూడిదరంగు కోటు, కుడిచేతి మణికట్టు దగ్గర లైనింగు ఊడి కిందికి వేలాడుతోంది. నా కళ్ళు ముందు దాని మీదికే పోయాయి. పని జబ్బు, ఏం చేస్తాం!

"మీరు రెండుసార్లు దేశం దాటి వెళ్ళినట్టుంది, ఆ రెండింటి మధ్యా మీరు లోపలికి వచ్చినట్టు మాత్రం లేదు" అంది ఆఫీసరమ్మ.

"రాకుండా రెండోసారి ఎలా వెళ్ళిందండీ?" అన్నాను నేను.

"వచ్చారు. ఎప్పుడు వచ్చారన్నదే తెలియాలి. మీరు ముప్పై ఆరు రోజులు ఉన్నానని రాశారు. వెళ్ళేముందు రోజే వచ్చి ఉండొచ్చు కదా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ బస్సు! సరిహద్దు దగ్గర పండగ సెలవని బస్సును ఆపకుండా చెయ్యి ఊపి పంపేశారట. హమ్మయ్య, తొందరగా వచ్చేశానని ఇది సంబరపడింది. పాస్‌పోర్టులో ముద్ర లేదు, కంప్యూటరులో నమోదు లేదు. బస్సు టికెట్టు దిగిన చోటే పారేసింది. దీనికి బ్యాంకు కార్డు వాడే అలవాటు లేదు, ఫోను చూస్తే కూతురి దేశంది. పదిహేను రోజులే మాకు ఎక్కువున్నవి. ముప్పై ఆరు పోతే మిగిలేది తొమ్మిది వందల డెబ్బై తొమ్మిది.

చిన్నదాని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను మాత్రం ధీమాగా సంచీలోంచి మా షాపు రిజిస్టరు తీశాను. ఎందుకైనా మంచిదని తెచ్చాను. ప్రతి బట్టకీ ఒక నంబరు, తీసుకున్న తేదీ, ఇచ్చిన తేదీ, చివరి గడిలో ఎవరు కుట్టారో ఒక్క అక్షరం. నేను కుడితే 'పె', అది కుడితే 'చి'.

"చూడండమ్మా. ఈ గుర్తు ఈవిడది. ఆ ముప్పై ఆరు రోజుల్లో ఎన్నిసార్లుందో చూసుకోండి" అన్నాను. ఆ అక్షరం గుర్తుపట్టేలా కాగితం మీద పెద్దగా రాసి కూడా ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆఫీసరమ్మ పేజీలు తిప్పింది. తల ఊపింది. ఇంకా తిప్పింది. ముందుకి వెళ్ళింది, వెనక్కి వచ్చింది. కంప్యూటరు వైపు చూసింది. నా ధీమా అప్పుడు జారడం మొదలుపెట్టింది. ఎందుకంటే ఆవిడ ఏం చూస్తోందో నాకు తెలిసిపోయింది.

"ఈ రెండు నెలలూ మీరు బయట ఉన్నట్టు మీరే రాశారు. విమానం వాళ్ళ లెక్కలోనూ ఉంది. మరి ఈ రెండు నెలల్లో కూడా మీ గుర్తు నలభైసార్లుంది. ఎలా?"

చిన్నది రిజిస్టరు మీదికి వంగి చూసింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అక్కా, నేను లేనప్పుడు కూడా నా గుర్తు వేశావా?"

నేను తవ్విన గోతిలో నేనే పడ్డా బాగుండేది, దాన్ని పడేశాను.

పది పనిదినాలు గడువిచ్చింది ఆఫీసరమ్మ. ఈలోగా నమ్మదగ్గ ఆధారం ఏదైనా తెస్తే సరి, లేకపోతే దరఖాస్తు కొట్టేసినట్టే. ఆరు నెలలు దాటిందనడానికీ రుజువు లేదు కాబట్టి కార్డు జోలికి మాత్రం రారట. మళ్ళీ వేసుకోవాలంటే రెండేళ్ళు. రెండేళ్ళంటే చిట్టి ఆపరేషన్‌కి అది మళ్ళీ రోజులు లెక్కపెట్టుకుంటూ వెళ్ళి, లెక్కపెట్టుకుంటూ రావాలి.

ఇంటికొచ్చే దారంతా అది నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. తిట్టినా బాగుండును. షాపు తలుపు తీసి, దీపం వేసి, తన కుర్చీలో కూర్చుని అడిగింది.

"ఎందుకక్కా అలా రాశావు?"

"ఎందుకేమిటి? వచ్చిన ప్రతివాళ్ళూ ఆ ఎడమచేతి ఆవిడే కుట్టాలంటారు. ఆవిడ లేదంటే బట్ట వెనక్కి పట్టుకుపోతారు. లోపల గదిలో ఉందని చెప్పి తీసుకునేదాన్ని. చీటీ మీద 'చి' అని రాసి, రిజిస్టరులోనూ అదే ఎక్కించేదాన్ని."

"చీటీ మీద అంటే సరే. రిజిస్టరు ఎవరు చూస్తారు?"

దొరికిపోయాను. అవును, రిజిస్టరు చూసేది నేనొక్కదాన్నే. చివరికి చెప్పేశాను.

"నీ కుర్చీ ఖాళీగా ఉంటే చూడలేకపోయేదాన్నే. పొద్దున్న లేచి ఎవరితో పోట్లాడను? ఆ అక్షరం రాస్తే నువ్వు లోపలెక్కడో ఉన్నట్టు, ఇప్పుడో ఇంకాసేపటికో టీ పెట్టమంటావన్నట్టు ఉండేది. అందుకని రాశాను. పిచ్చిదాన్ని. కొట్టు కావాలంటే."

అది కొట్టలేదు. లేచి వెళ్ళి టీ పెట్టింది. నా కప్పులో పంచదార ఎక్కువేసింది, నాకు వద్దని డాక్టరు చెప్పినా సరే.

ఆ వారంలో అది తెచ్చిన ఆధారాలేవీ నిలవలేదు. పక్కషాపు మందులాయన సాక్ష్యం రాసిస్తానన్నాడు, ఆయన మాట ఒక్కటే చాలదన్నారు. నాలుగో రోజుకి దాని ఆశ అడుగంటింది. "పోనీలే అక్కా, రెండేళ్ళే కదా" అంది. ఆ "పోనీలే" అన్నప్పుడు, దేవుడి మీద ఒట్టు, నా లోపల ఎక్కడో ఒక మూల చిన్న సంతోషం కదిలింది. రెండేళ్ళు ఇది ఎక్కడికీ పోదు. పోయినా ఆరు నెలలు తిరక్కుండానే రూలే దీన్ని లాక్కొచ్చి నా ఎదుట కూర్చోబెడుతుంది. ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుగా ఉంది గానీ, వచ్చిన మాట నిజం.

మర్నాడు పొద్దున పిల్లల బడి పెద్ద టీచరమ్మ తన పొడుగు కోటు తెచ్చింది. ఒకప్పుడు పొట్టి చేయించింది, ఇప్పుడు మళ్ళీ పొడుగు కావాలట. చిన్నది కూరగాయలకు వెళ్ళింది. నేను కోటు తిరగేసి అంచు కుట్టు విప్పడానికి కూర్చున్నాను.

విప్పుతుంటే దారం నాకు అలవాటైన వైపు నుంచి రాలేదు. అటు కొస నుంచి వచ్చింది. కళ్ళజోడు సర్దుకుని చూశాను. కుట్లన్నీ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. కుడిచేతి వాళ్ళం కుడి నుంచి ఎడమకు కుట్టుకుంటూ పోతాం, కుట్టు ఒక వైపుకి వాలుతుంది. చిన్నది ఎడమ నుంచి కుడికి కుడుతుంది, అద్దంలో చూసినట్టు వాలు అటు తిరుగుతుంది. పందేనికి ఒకసారి ఆ వాలు నేనూ వేద్దామని చూశాను. బట్టను తలకిందులుగా పట్టుకున్నా, చుట్టూ తిప్పినా కుడిచేత్తో అది రాదు గాక రాదు. ఆరోజు అది పడీ పడీ నవ్వింది.

ఇంకొకటి కూడా చూశాను. ఈ కోటు కుట్లు మామూలుగా దాని చేతి కుట్లలా లేవు. దగ్గర దగ్గరగా, కుట్టుకీ కుట్టుకీ సందు లేనట్టున్నాయి. లైనింగు మూల తిప్పి చూస్తే మేం ప్రతి బట్టకీ కుట్టే చిన్న గుడ్డపట్టీ ఉంది, దాని మీద నంబరు. రిజిస్టరు తీశాను. ఆ ముప్పై ఆరు రోజుల్లో తొమ్మిదో రోజు.

చేతిలో బట్ట పట్టుకుని అలాగే కూర్చున్నాను. ఇదిగో ఆధారం. నేను రాసిన రాత అబద్ధమాడుతుంది, కుట్టు ఆడదు. నంబరు ఏ తేదీదో నా రిజిస్టరును నమ్మక్కర్లేదు, రసీదు మిషను కాగితపు చుట్టలు అటక మీద ఉన్నాయి, పన్నుల వాళ్ళకు చూపించడానికి దాచినవి. వాటిలో నంబరూ తేదీ మిషనే కొట్టింది. చిన్నదానికి ఇది తట్టలేదు. తట్టదు కూడా, ఎందుకంటే దాని వాలు దానికి మామూలే.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రెండేళ్ళు ఇక్కడే ఉంటుంది.

అది కూరగాయలతో వచ్చింది. టీ పెట్టాను. ఇద్దరం తాగాం. దానిది అయిపోయింది, నాది చల్లారిపోయింది. అది బుట్టలోంచి బీన్స్ తీసి ఈనెలు తీస్తూ చెప్పింది. "చిట్టి నిన్న ఫోనులో నన్ను ఒకటే అడిగిందక్కా. అమ్మమ్మా, నువ్వు ఎన్ని నిద్రలుంటావు అని. దానికి అప్పుడే లెక్కలు వచ్చేశాయి, చూడు."

అయిదేళ్ళు నిండని పిల్లకి మేం నేర్పిన లెక్క అది! కోటు ఒళ్ళోకి లాక్కున్నాను.

"బీన్స్ పక్కన పెట్టి ఇలా రా" అన్నాను. "ఈ కుట్టు చూడవే. చూసి ఏడవకు, పని చాలా ఉంది."

మూడు రోజులు మాకు కాలు నిలవలేదు. అటక మీది కాగితపు చుట్టలు దింపి, ఆ ముప్పై ఆరు రోజుల నంబర్లు ఏరాం. ఎవరివో గుర్తున్న వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. ఒక్క రోజుకి మీ బట్టలివ్వండని తలుపులు కొడితే పిచ్చివాళ్ళమనుకుంటారని భయపడ్డాను. బస్సు డ్రైవరు తన యూనిఫాం ప్యాంటు ఇస్తూ, "రేపు సాయంత్రం డ్యూటీకల్లా తెచ్చెయ్యండి, లేకపోతే లుంగీతో తోలాలి" అన్నాడు. మందులాయన రెండు తెల్లకోట్లిచ్చాడు. సంగీతం టీచరు నల్లగౌను ఇచ్చింది. మొత్తం పదకొండు బట్టలు. అవి కాక, చిన్నది బయట ఉన్నప్పుడు నేను కుట్టి 'చి' అని రాసినవి ఇంకో అయిదు. ఆ అయిదూ నా నేరానికి సాక్ష్యం, నేనే మోసుకుంటూ వెళ్ళాను.

ఆఫీసరమ్మ బల్ల మీద పదహారు బట్టలు పరిచేసరికి గది కాస్తా మా షాపు అయిపోయింది. ప్యాంటు కాలు ఒకటి కంప్యూటరు మీద పడింది. ఆవిడ పైఅధికారిని పిలిచింది. ఆయన వచ్చి ప్యాంటు వైపూ మా వైపూ చూశాడు.

నేను నిలబడి చెప్పాను. అన్నీ చెప్పాను. "ఈ అయిదూ నేను కుట్టి ఈవిడ గుర్తు వేసినవి. అది తప్పుడు రాత, రాసింది నేను. ఈవిడకి తెలియదు. వాలు చూడండి, ఇటుంది. ఈ పదకొండూ ఈవిడ కుట్టినవి. వాలు అటుంది. నంబరు పట్టీ మీద ఉంది, తేదీ మిషను కాగితంలో ఉంది. నా మాట నమ్మొద్దు, నమ్మకపోవడమే న్యాయం. బట్ట తిరగేసి చూసుకోండి."

పైఅధికారి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఒక్కొక్కటీ చూశాడు. "కావాలంటే ఎవరైనా అటు వాల్చి కుట్టొచ్చు కదా? మీరు కుట్టలేరా?" అన్నాడు.

"ఎవరి చెయ్యి ఏ వాలు వేస్తుందో మీ ఎదురుగానే చూపిస్తాం" అన్నాను.

కుట్టడానికి బట్ట కావాలి. నా కళ్ళు ఆఫీసరమ్మ మణికట్టు మీదికి వెళ్ళాయి. ఆవిడ సిగ్గుపడి, నవ్వి, కోటు విప్పి ఇచ్చింది. ఊడిన లైనింగులో సగం నేను కుట్టాను. మిగతా సగం చిన్నది కుట్టింది. మధ్యలో రెండు వాలులూ ఎదురెదురుగా వచ్చి కలిశాయి.

ఆఫీసరమ్మ ఆ కోటు చేతిని చాలాసేపు చూసుకుంది. తర్వాత టీచరమ్మ కోటు అంచు పట్టుకుని చిన్నదాన్నే అడిగింది. "ఇప్పుడు కుట్టిన దానికన్నా ఇవి చాలా దగ్గరగా ఉన్నాయి. ఈ పదకొండూ ఇలాగే ఉన్నాయి. ఎందుకని?"

నేను చెప్పబోయాను. చిన్నది నా చెయ్యి పట్టుకుని ఆపి, వచ్చీరాని భాషలో తనే చెప్పింది.

"అప్పుడు నా మనవరాలు ఆస్పత్రిలో ఉంది. నేను ఇక్కడ ఉండాలి, రూలు. అక్కడికి వెళ్ళలేను. కుట్టు అయిపోతే చేతికి పని లేదు. పని లేకపోతే భయం. అందుకే అయిపోకుండా, దగ్గర దగ్గరగా."

పైఅధికారి కోటు మడత పెట్టాడు. మగవాళ్ళు మడతపెట్టినట్టే, వంకరగా.

మూడు వారాలకు ఉత్తరం వచ్చింది. ముప్పై ఆరు రోజులూ ఒప్పుకున్నారు. పౌరసత్వ ప్రమాణం రోజున అది నా పట్టుచీర అడిగి కట్టుకుంది, తనదాని కన్నా నాది బాగుంటుందట. ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఒప్పుకుంది.

ఆపరేషన్‌కి ముందే బయల్దేరింది. ఈసారి తిరుగు టికెట్టు కొనలేదు. చిట్టి కోలుకునే దాకా ఎన్నాళ్ళో ఎవరు చెప్పగలరు? విమానాశ్రయంలో నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. పెట్టె తాళం సరిగ్గా వేయలేదని తిట్టాను. షాలు మెడకి చుట్టుకోలేదని తిట్టాను. అది నవ్వుతూనే లోపలికి వెళ్ళిపోయింది.

ఎర్ర పెన్సిలు ఇప్పుడు సొరుగులో ఉంది. గీతలు కొట్టక్కర్లేదు. చెప్పడానికి బాగానే ఉంటుంది గానీ, ఇన్నాళ్ళూ దాన్ని ఆ రూలే తెచ్చి నాకు అప్పగించేది. ఎప్పుడొస్తావని నేను అడగక్కర్లేకపోయేది. ఇప్పుడు రావాలంటే దానికి రావాలని ఉండాలి.

మర్నాడు ఒకావిడ కోటు తెచ్చి, "ఎడమచేతి ఆవిడే కుట్టాలి" అంది.

"ఆవిడ లేదు. మనవరాలి దగ్గరికి వెళ్ళింది. నేనే కుడతాను, ఇష్టమైతే ఇవ్వండి" అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఇచ్చింది. చివరి గడిలో 'పె' అని రాశాను. రాస్తుంటే పక్క కుర్చీ వైపు చూడలేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఆ కబురు వచ్చిన రోజు షాపులో ఒక్కదాన్నే కూర్చుని గట్టిగా ఏడ్చాను, లోపలికొచ్చిన బస్సు డ్రైవరు భయపడి బయటికి వెళ్ళిపోయాడు. తర్వాత రోజులు గడిచాయి. లెక్కపెట్టలేదు. సరే, పెట్టాను. యాభై నాలుగు.

యాభై అయిదో రోజు పొద్దున ఫోను చేసింది. వెనకనుంచి చిట్టి కేకలు వినిపిస్తున్నాయి, ఊపిరి తీసుకోవడానికి ఆయాసపడే పిల్ల కేకలు కావు అవి.

"అక్కా, రిజిస్టరు తియ్యి."

"ఎందుకే?"

"చిట్టికి గౌను అంచు కుట్టాను. నంబరు ఎంత దాకా వచ్చింది? తర్వాతది చెప్పు, పట్టీ మీద రాసి కుడతాను."

"నీకు మతి గానీ పోయిందా! ఎక్కడో కూర్చుని కుట్టినదాన్ని ఇక్కడ ఎలా రాయను? ఆ ఆఫీసరమ్మ చూసిందంటే..."

"ఇంక వాళ్ళెవరూ చూడరక్కా. నువ్వు చూసుకుంటావని చెబుతున్నాను."

రిజిస్టరు తీశాను. నంబరు చెప్పాను. అది అవతల ఆ నంబరు పైకి చదువుకుంటూ రాసుకుంది.

"ఇచ్చే తేదీ ఏం వేయమంటావు?" అన్నాను. ఎప్పుడొస్తావు అని అడగడం నాకు రాదు, అందుకని అలా అడిగాను.

"గౌను పట్టుకుని చిట్టినే తీసుకొస్తున్నాను. డాక్టరు ప్రయాణం చేయొచ్చన్నారు. వచ్చే నెల పన్నెండు. అది నా కుర్చీలో కూర్చుంటుందట, ఇప్పుడే చెప్పేసింది."

"ఎన్ని నిద్రలుంటుందట?"

చిన్నది ఫోను పక్కకి పట్టి అడిగింది. చిట్టి జవాబు నాకూ వినిపించింది. లెక్క రాదట, మర్చిపోయిందట.

నేను నంబరు వేశాను. తేదీ వేశాను. చివరి గడిలో 'చి' అని రాశాను. కుట్టింది అదే.